బాతుల్లో పెట్ట ఏది, పుంజు ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. పాకాల చెరువుకు పోయే దారి పక్కనే మా పొలం, పొలం చివర చిన్న కుంట, కుంటలో మా బాతులు. పదకొండేళ్ళుగా పెంచుతున్నాను. పాకాల చూడటానికి వచ్చేవాళ్ళు బండి ఆపుతారు, పిల్లలు దిగి గట్టు మీద నిలబడతారు, వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి. అంగడిలో బాతు పిల్లలు కొందామనుకునేవాళ్ళు కూడా ముందురోజు వచ్చి అడిగి పోతారు. ఎక్కువసార్లు విన్న ప్రశ్నలనూ, నేను చెప్పే జవాబులనూ ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, ఇందులో పెట్టలేవి, పుంజులేవి?" అందుకే దానితోనే మొదలుపెడతాను.

అప్పుడే పుట్టిన పిల్లను చూసి ఆడా మగా చెప్పొచ్చా?

చూసి చెప్పలేం. పసుపు పిల్లలన్నీ పెట్టలనీ, నల్ల మచ్చలవి పుంజులనీ అంగడిలో చెప్తుంటారు. అది నిజం కాదు. పిల్ల రంగు జాతిని బట్టి వస్తుంది. రెండు ప్రత్యేక జాతులను కలిపి తీసిన పిల్లల్లో మాత్రమే రంగుతో ఆడామగా తేడా తెలిసే పద్ధతి ఉంది, మన అంగళ్ళకు వచ్చేవి అలాంటివి కావు.

పుట్టిన ఒకటి రెండు రోజుల్లో మలద్వారాన్ని మెల్లగా తెరిచి చూసి చెప్పే పద్ధతి హేచరీల్లో ఉంది. మగ బాతుకు జననాంగం ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్ళకు కనిపిస్తుంది. కోళ్ళకు అలా ఉండదు. కానీ నేర్చుకోని చేతులతో నొక్కితే పిల్ల లోపల దెబ్బ తింటుంది, చచ్చిపోవచ్చు కూడా. ఇంట్లో ఎవ్వరూ ప్రయత్నించకండి. ఆరేడు వారాలు ఆగితే అదే నోరు తెరిచి చెప్తుంది.

నేను మొదటి ఏడు ఒక అంగడిలో పన్నెండు పిల్లలు కొన్నాను. "పది పెట్టలు, రెండు పుంజులు" అని అమ్మినాయన నమ్మకంగా చెప్పాడు. గుడ్ల లెక్క వేసుకుని గంపలు కూడా సిద్ధం చేసుకున్నాను. పెద్దయ్యాక చూస్తే పెట్టలు నాలుగే. ఆ ఏడు చాలా బాధపడ్డాను. గుడ్ల కోసమే పెంచేవాళ్ళు రెండు నెలలు దాటిన పిల్లలను, గొంతు విని కొనుక్కోవడం మేలు. ధర కొంచెం ఎక్కువైనా నష్టం ఉండదు.

గొంతు విని ఎలా గుర్తుపట్టాలి?

మన ఇళ్ళలో పెరిగే బాతులకు ఇదే అన్నిటికంటే నమ్మకమైన గుర్తు. చాలామంది కళ్ళతో వెతుకుతారు. బాతుల దగ్గర మాత్రం చెవులు పెట్టాలి.

పుట్టినప్పుడు అన్నీ కీచుకీచుమంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య గొంతు మారుతుంది. ఆడ బాతు "క్వాక్ క్వాక్" అని గట్టిగా, తెగించి అరుస్తుంది. గట్టు మీద మనిషి కనపడితే చాలు, కుంట అవతలి వరకు వినిపిస్తుంది. మగ బాతు గొంతు బొంగురుగా, జలుబు చేసిన మనిషి గుసగుసలాడినట్టు ఉంటుంది. అది ఎంత కంగారుపడినా అంతకంటే గట్టిగా అరవలేదు.

మంద మొత్తం ఒకేసారి అరుస్తుంటే ఏది ఎవరి గొంతో తెలియదు. సాయంత్రం దొడ్లోకి తోలాక ఒక్కొక్కదాన్ని ఎత్తండి. రెండు రెక్కలూ ఒంటికి ఆనించి, పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకోండి. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయకండి, బాతు కాళ్ళు కోడి కాళ్ళంత గట్టివి కావు. నాలుగు అడుగులు మందకు దూరంగా తీసుకుపోతే అది పిలుస్తుంది. అప్పుడు తెలిసిపోతుంది. తెలిసిన వెంటనే కాలికి రంగు దారం వదులుగా కట్టండి, లేకపోతే మర్నాటికి మళ్ళీ అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పిల్ల ఎదిగే కొద్దీ దారం బిగుసుకుంటుంది, వారానికోసారి చూసి మార్చాలి.

ఒక్కసారి విని తీర్పు చెప్పకండి. ఏడో వారంలో కొన్ని ఆడ పిల్లలకు ఇంకా కీచు గొంతే ఉంటుంది. వాటిని మగవనుకుని అమ్మేసినవాళ్ళు ఉన్నారు. అనుమానం ఉంటే ఇంకో రెండు వారాలు ఆగండి.

మగ బాతు ఎందుకు గట్టిగా అరవలేదు?

పక్షుల గొంతుపెట్టె మనలా మెడ పైభాగంలో ఉండదు, ఛాతీ లోపల, శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉంటుంది. మగ బాతుకు అక్కడ ఎడమ వైపున బుడగలాంటి ఎముక గది ఒకటి పెరుగుతుంది. ఆడదానికి ఉండదు. ఆ గది వల్లే మగదాని గొంతు అలా అణిగిపోయి వస్తుంది. కోళ్ళ లోకంలో పుంజు కూస్తుంది, బాతుల లోకంలో పెట్ట గొంతే పైచేయి. కోళ్ళు పెంచి అలవాటైనవాళ్ళు మొదట్లో గట్టిగా అరిచేదాన్నే పుంజు అనుకోవడానికి కారణం ఇదే.

తోక మీద వంకీ తిరిగిన ఈక ఉంటే మగదేనా?

అవును. మూడు నాలుగు నెలల వయసుకు మగ బాతు తోక మొదట్లో ఒకటి నుంచి నాలుగు ఈకలు పైకి లేచి తల వైపు ఉంగరంలా వంకీ తిరుగుతాయి. దూరం నుంచి కూడా కనిపించే గుర్తు. వంకీ ఉంటే అది మగదే.

వంకీ లేకపోతే ఆడది అని మాత్రం అనుకోవద్దు. ఏటా ఈకలు రాలే కాలంలో ఆ వంకీ కూడా రాలిపోతుంది. పోట్లాటలో ఊడిపోవచ్చు, పిల్లలు ముచ్చటపడి పీకేయొచ్చు. దయచేసి పిల్లలకు చెప్పండి, ఈక పీకితే దానికి నొప్పి పుడుతుంది. రాలిన ఈకలు గట్టు మీద బోలెడు దొరుకుతాయి.

రంగును బట్టి, ముక్కును బట్టి చెప్పొచ్చా?

జాతి తెలిస్తే కొంతవరకు చెప్పొచ్చు. ఒక్క ముఖం మీద కండ ఉండే జాతి తప్ప, ప్రపంచంలోని పెంపుడు బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతే. మల్లార్డ్ మగదానికి మెరిసే పచ్చ తల, మెడ చుట్టూ తెల్లని పట్టీ, పసుపుపచ్చ ముక్కు ఉంటాయి. ఆడది గోధుమ రంగు మచ్చలతో ఎండుగడ్డిలో కలిసిపోయేలా ఉంటుంది, దాని ముక్కు నారింజ రంగులో నల్లటి మరకలతో ఉంటుంది. ఆ పోలిక నిలిచిన నాటు బాతుల్లో పచ్చ తలదే పుంజు.

గుడ్ల కోసం మన దగ్గర ఎక్కువగా పెంచే ఖాకీ క్యాంప్‌బెల్‌లో ఆడది ఒంటినిండా ఖాకీ, మగదాని తల, మెడ ముదురు కంచు రంగు. ఈ జాతిని ఇంగ్లండులో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆమె తన ఇంటి దగ్గర తయారు చేసింది. మంచి మేపు, మంచి జాతి అయితే ఏడాదికి 300 గుడ్ల వరకు పెడుతుంది. ఒక ఇల్లాలు పెరట్లో మొదలుపెట్టిన పని ఇక్కడ నర్సంపేట దాకా వచ్చిందని తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

తెల్ల పెకిన్‌లో ఆడా మగా రెండూ తెలుపే, రంగుతో పని లేదు. సీసా నిలబెట్టినట్టు నిటారుగా పరుగెత్తే ఇండియన్ రన్నర్‌లో చాలా రంగులు ఉన్నాయి, వాటికి కూడా గొంతు, వంకీ ఈకే గుర్తు. పేరులో ఇండియన్ అని ఉన్నా ఆ జాతి పుట్టింది ఇండోనేషియా దీవుల్లో.

మా పుంజు పచ్చ తల మాయమై పెట్టలా అయిపోయింది. రోగమా?

రోగం కాదు, టెన్షన్ పడకండి. జత కట్టే కాలం ముగిశాక మగ బాతు తన మెరుపు ఈకలను రాల్చి, ఆడదానిలాంటి మట్టి రంగు ఈకలు వేసుకుంటుంది. కొన్ని నెలలకు మళ్ళీ పాత రంగు వస్తుంది.

అడవిలో దీనికి పెద్ద కారణం ఉంది. చాలా పక్షులు ఎగిరే ఈకలను ఒకటొకటిగా మార్చుకుంటాయి. బాతులు అన్నీ ఒకేసారి రాలుస్తాయి, మూడు నాలుగు వారాలు అసలు ఎగరలేవు. ఆ సమయంలో మెరిసే తలతో నీటి మీద కూర్చుంటే గద్దకు, నక్కకు పిలిచి కనపడినట్టే. అందుకే గడ్డిలో కలిసిపోయే రంగు. రెక్క బలం తిరిగొచ్చాక మళ్ళీ అలంకారం.

ఈ రోజుల్లో తల రంగు నమ్మకండి, ముక్కు రంగు చూడండి. అది పెద్దగా మారదు. గొంతు అసలే మారదు.

పెట్ట పుంజులా మారడం విన్నాం. నిజమేనా?

అరుదుగా జరుగుతుంది. చాలా పక్షుల్లాగే ఆడ బాతుకు పనిచేసే అండాశయం ఎడమ వైపున ఒక్కటే. ముసలితనంతోనో జబ్బుతోనో అది పాడైతే, ఆడ హార్మోను తగ్గి, మగదాని రంగు ఈకలు వస్తాయి. బాతుల్లో మెరుపు ఈకలను ఆపి ఉంచేది ఆ ఆడ హార్మోనే. అది లేకపోతే మగ రంగు దానంతటదే బయటికి వస్తుంది. ఇది అపశకునం కాదు. దాన్ని చంపక్కర్లేదు, దొడ్డి నుంచి తరమక్కర్లేదు.

మొనదేలిన గుడ్డు నుంచి పుంజు వస్తుందంటారు?

మా అవ్వ కూడా అలాగే ఏరేది. గుడ్డు ఆకారానికి, లోపలి పిల్లకు సంబంధం లేదు. గుడ్డు ఆకారం దాన్ని పెట్టిన పెట్టను బట్టి వస్తుంది. కోడి కింద పెట్టినా, మెషీన్‌లో పెట్టినా, వేడి పెంచినా తగ్గించినా ఆడది మగదిగా మారదు.

అసలు సంగతి ఇది. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అనేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి తేలుతుంది. పక్షుల్లో తల్లిని బట్టి తేలుతుంది. ఆడపిల్ల పుట్టిందని కోడలిని అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ మాట నేను గట్టు మీద ఎవరు అడిగినా చెప్తాను. తల్లిని బట్టి తేలేది బాతుల్లో, కోళ్ళలో. మనుషుల్లో కాదు.

ముఖం మీద ఎర్ర కండ ఉండే బాతులకు ఏం గుర్తు?

అవి మస్కవీ బాతులు. టర్కీ కోళ్ళనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఇవి మల్లార్డ్ సంతతి కావు, వీటి పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. అందుకే పైన చెప్పిన గుర్తులు వీటికి పనిచేయవు. మగదానికి వంకీ ఈక రాదు, ఆడది క్వాక్ అని అరవదు.

వీటిలో ఒళ్ళు చూస్తే చాలు. మగది ఆడదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. మగదాని కళ్ళ చుట్టూ, ముక్కు మీద ఎర్ర కండ గడ్డకట్టినట్టు పెరుగుతుంది, ఆడదానికి పలచగా ఉంటుంది. మగది పాము బుసకొట్టినట్టు బుసకొడుతుంది. ఆడది సన్నగా, దాదాపు పాటలా పలుకుతుంది. కాలిగోళ్ళు పదునుగా ఉంటాయి, చెట్టెక్కి కూర్చుంటాయి. ఎత్తేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

మామూలు బాతు గుడ్డుకు 28 రోజులు పొదుగు, మస్కవీ గుడ్డుకు 35 రోజులు. రెండు జాతులూ కలిస్తే పిల్లలు పుడతాయి కానీ ఆ పిల్లలకు సంతానం ఉండదు.

మన చెరువుల్లో కనిపించే అడవి బాతుల్లో ఆడామగా తేడా ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు చాలా ఇష్టం. కాకతీయులు కట్టించిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు పొలాలకే కాదు, వీటికి కూడా ఇల్లే. ఎనిమిది వందల ఏళ్ళుగా ఈ నీళ్ళు ఉండబట్టే ఈ బాతులు ఉన్నాయి.

ఏడాది పొడుగునా ఉండేవాటిలో పెద్దది మచ్చముక్కు బాతు. నల్ల ముక్కు, దాని కొసన పసుపు, మొదట్లో రెండు వైపులా ఎర్రటి చుక్క. ఆడా మగా ఒకేలా ఉంటాయి. మగదానికి ఆ ఎర్ర చుక్క కాస్త కొట్టొచ్చినట్టు ఉంటుంది, అంతే. ఇంకోటి ఈల బాతు, ఇటుక రంగులో ఉంటుంది, గుంపుగా ఎగురుతూ ఈల వేస్తుంది. దీనిలో ఆడా మగా తేడా మన కంటికి అందదు. గొంతు కూడా ఇక్కడ సాయపడదు, రెండూ ఈల వేస్తాయి. పిల్లలను రెండూ కలిసి సాకుతాయి. మల్లార్డ్ పుంజు అలా కాదు, పెట్ట పొదుగు మీద కూర్చోగానే దాని దారి అది చూసుకుంటుంది.

తామర, కలువ ఉండే చెరువుల్లో గుప్పెడంత తెల్ల బాతు ఒకటి ఉంటుంది. కాటన్ టీల్ అంటారు. లోకంలోని అతి చిన్న నీటి బాతుల్లో ఇదొకటి. మగదానికి మెడలో నల్ల పట్టీ, వీపు మీద పచ్చని మెరుపు. ఆడదానికి పట్టీ ఉండదు, కంటి మీదుగా కాటుక గీసినట్టు నల్ల గీత ఉంటుంది. చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. పుట్టిన పిల్లలు ఆ తొర్రలోంచి కిందికి దూకేస్తాయి. దూది ఉండలా తేలిక కాబట్టి దెబ్బ తగలదు.

ముక్కు మీద బొడిపె ఉండే పెద్ద బాతు కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. బొడిపె మగదానికే, వానకాలంలో జత కట్టే రోజుల్లో ఇంకా ఉబ్బుతుంది.

బతుకమ్మ పండుగ వెళ్ళి చలి మొదలయ్యాక ఉత్తరాది నుంచి వలస బాతులు వస్తాయి. సూదితోక బాతు, గరిటెముక్కు బాతు, తెల్ల కనుబొమ బాతు. వచ్చిన కొత్తలో చూసి "అన్నీ ఆడవే వచ్చాయి" అంటారు. కాదు, మగవి ఇంకా మట్టి రంగు ఈకల్లోనే ఉంటాయి. సంక్రాంతి దాటాక మళ్ళీ వెళ్ళి చూడండి. సూదితోక మగదానికి చాక్లెట్ రంగు తల, మెడ పక్కన తెల్ల చార వచ్చి ఉంటాయి. గరిటెముక్కు మగదాని తల పచ్చగా మెరుస్తుంది. తెల్ల కనుబొమ అయితే అన్నిటికంటే ఆలస్యంగా, తిరుగు ప్రయాణానికి ముందు ముస్తాబవుతుంది. అదే చెరువు, అవే బాతులు, రెండు నెలల్లో వేరే పక్షుల్లా ఉంటాయి.

పాత పద్యాల్లో జక్కవలు ఉంటాయి కదా, అవి బాతులేనా?

బాతులే. జక్కవ అన్నా చక్రవాకం అన్నా ఒకటే, బంగారు నారింజ రంగు బాతు. లడఖ్, టిబెట్ వైపు పిల్లలు చేసి, చలికాలానికి మన పెద్ద జలాశయాలకు వస్తుంది. రాత్రయితే ఆడా మగా విడిపోయి, చెరో ఒడ్డున కూర్చుని తెల్లవార్లూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని కవులు రాశారు. జంటగా ఉండటం, జంటలో రెండూ గట్టిగా పిలుచుకోవడం నిజమే. రాత్రి మేతకు కాస్త ఎడంగా తిరుగుతూ పిలుచుకునే గొంతులు విని ఆ కథ పుట్టి ఉంటుందని నా ఊహ. గుర్తు సులువు: జత కట్టే కాలంలో మగదాని మెడకు సన్నని నల్ల దండ ఉంటుంది, ఆడదాని ముఖం తెల్లబారి ఉంటుంది.

నీళ్ళలో ఈదేవన్నీ బాతులేనా?

కావు. నుదుట తెల్ల మచ్చ ఉన్న నల్ల పక్షి నీటికోళ్ళ కుటుంబం. ఇప్పుడు కనిపించి ఇప్పుడే మునిగిపోయేది బుడబుంగ. మెడ మాత్రం నీటి పైన కనిపిస్తూ, తర్వాత రెక్కలు ఆరబెట్టుకునేది నీటికాకి. వెడల్పాటి ముక్కు, మూడు ముందు వేళ్ళ మధ్య పూర్తి పొర ఉంటేనే బాతు.

ఎన్ని పెట్టలకు ఒక పుంజు ఉండాలి?

పిల్లలు తీయాలంటే ఐదారు పెట్టలకు ఒక పుంజు. గుడ్లు తినడానికే అయితే పుంజే అక్కర్లేదు, పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది.

పుంజులు ఎక్కువైతే పెట్టలు నలిగిపోతాయి. పుంజు ఎక్కేటప్పుడు ముక్కుతో పెట్ట మెడ వెనక పట్టుకుంటుంది. మీ బాతుల్లో కొన్నిటికి మెడ వెనక ఈకలు ఊడి చర్మం కనిపిస్తుంటే, అవి పెట్టలని, మందలో పుంజులు ఎక్కువయ్యాయని అర్థం. మిగులు పుంజులను వేరే దొడ్లో పెట్టండి.

ఒకదాని మీద ఒకటి ఎక్కింది కాబట్టి పైది మగదే అనుకోవడమూ తప్పే. నీళ్ళలో పెట్ట మీద పెట్ట ఎక్కడం నేను చాలాసార్లు చూశాను.

గుడ్లు ఎప్పుడు పెడతాయి? ఎక్కడపడితే అక్కడ పెడుతున్నాయి.

తెల్లవారకముందు నుంచి ఉదయం తొమ్మిదిలోపు దాదాపు అన్నీ పెట్టేస్తాయి. అందుకే తొమ్మిది దాకా దొడ్డి తలుపు తీయకండి. ముందే వదిలితే కుంటలో, గడ్డిలో, వరి మడిలో పెట్టేస్తాయి, కుక్కల పాలవుతాయి. వడ్ల గడ్డి పొడిగా వేసి ఒక మూల చీకటిగా ఉంచితే అక్కడే పెడతాయి. ఎక్కువ గుడ్లు పెట్టే జాతులు పొదగడం దాదాపు మరిచిపోయాయి, కాబట్టి పొదుగుకు నాటు కోడిపెట్టనో మెషీన్‌నో చూసుకోవాలి.

కోడి కింద పొదిగిన బాతు పిల్లలను నీళ్ళలోకి వదలొచ్చా?

మొదటి రెండు మూడు వారాలు వద్దు. పెద్ద బాతు తోక దగ్గర నూనె గ్రంథి ఉంటుంది, ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది. ఈకల అల్లిక, ఆ నూనె కలిసి నీటిని తామరాకు మీద బొట్టులా జార్చేస్తాయి. పిల్లకు ఇంకా నూగే కానీ ఈకలు ఉండవు. తల్లి బాతు ఉంటే రెక్కల కింద పెట్టి ఆరబెడుతుంది. కోడికి ఆ సంగతి తెలియదు. పిల్లలు తడిసి, చలికి వణికి చనిపోతాయి. తల మునిగేంత లోతున్న గిన్నెలో తాగే నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి. ముక్కు రంధ్రాలు, కళ్ళు కడుక్కోకపోతే కళ్ళకు పుసి పడుతుంది.

పిల్లలు నీళ్ళలోకి దిగుతుంటే గట్టు మీద కోడి తల్లి అటూ ఇటూ పరుగెత్తి అరుస్తుంది. చూడలేం. అయినా పిల్లలు ఆ కోడినే అమ్మ అనుకుంటాయి. కళ్ళు తెరిచాక మొదట కదిలి కనిపించిన దాని వెంట పడటం బాతుల్లో, గూస్ పక్షుల్లో చాలా బలంగా ఉంటుంది. దీన్ని ఏళ్ళ తరబడి గమనించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లొరెంజ్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పొదిగిన పిల్లలు ఆయన వెంటే నడిచేవి.

నిద్రపోతున్నా ఒక కన్ను తెరిచి ఉంటుందేమిటి?

నిజంగానే సగం మెదడుతో నిద్రపోతుంది. వరసగా పడుకున్న మల్లార్డ్ బాతులను గమనించి 1999లో శాస్త్రవేత్తలు ఈ సంగతి ప్రచురించారు. మధ్యలో ఉన్నవి రెండు కళ్ళూ మూసుకుంటాయి. అంచున ఉన్నవి మాత్రం బయటి వైపు కన్ను తెరిచి ఉంచి, ఆ కంటికి సంబంధించిన సగం మెదడును మేలుకొలిపి ఉంచుతాయి. రాత్రి టార్చి వేసి దొడ్లోకి చూస్తే ఆ ఒక్క కన్నే నాకు మెరుస్తూ కనిపిస్తుంది.

బాతు అరుపుకు ప్రతిధ్వని ఉండదట?

ఉంటుంది. ఇంగ్లండులో సాల్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2003లో ఒక బాతును ప్రత్యేక గదుల్లో అరిపించి రికార్డు చేసి చూపించారు. అరుపు చివర మెల్లగా సన్నగిల్లుతుంది కాబట్టి ప్రతిధ్వని దానిలో కలిసిపోయి మనకు విడిగా వినిపించదు.

ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు?

తవుడు, నూకలు, జొన్నలు, మక్కలు, కుంటలో నాచు, నత్తలు, పురుగులు. మేత పక్కనే నీళ్ళు ఉండాలి, లేకపోతే గొంతుకు అడ్డం పడుతుంది. బ్రెడ్డు వద్దు. సరదాగా తెచ్చి విసిరేవాళ్ళను నేను బతిమాలి ఆపుతాను. కడుపు నింపుతుంది తప్ప బలం ఇవ్వదు, మిగిలింది కుళ్ళి నీళ్ళు పాడవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: బూజు పట్టిన మక్కలు, పల్లి చెక్క బాతులకు విషం. మన దగ్గర తడిసిన మక్కలు మార్కెట్లో అమ్ముడుపోకపోతే "బాతులకు వేద్దాంలే" అంటారు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్‌ను కోడి కొంత తట్టుకుంటుంది, బాతు తట్టుకోలేదు, పిల్లలైతే అసలే తట్టుకోలేవు. ఈ విషం సంగతి బయటపడిందే 1960లో ఇంగ్లండులో, బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి పిండి తిని లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయాక. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. పారబోయండి.

కోడిపిల్లల దాణాతోనే పెరిగే బాతు పిల్లలు కాళ్ళు వంకర పోయి కుంటుతుంటే నయాసిన్ విటమిన్ తక్కువైందేమో చూడాలి. బాతు పిల్లకు అది కోడిపిల్ల కంటే ఎక్కువ కావాలి. వెంటనే పశువుల డాక్టర్‌కు చూపిస్తే చాలావరకు కోలుకుంటాయి.

వరి కోతలయ్యాక వేల బాతులను తోలుకొస్తారు, వాటిని పొలంలోకి రానివ్వొచ్చా?

రానివ్వొచ్చు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు తింటాయి, ఎరువు వేసి పోతాయి. మందు కొట్టి ఎన్నాళ్ళయిందో మాత్రం ముందే చెప్పండి. గుళికలు చల్లిన మడిలో దిగితే మంద మొత్తం పోతుంది. ఊరూరా తిరిగే ఆ కుటుంబాలకు అదే బతుకు. మీ ఇంటి బాతులను మాత్రం ఆ మందకు దూరంగా ఉంచండి, బాతు ప్లేగు లాంటి జబ్బులు నీళ్ళ ద్వారా అంటుకుంటాయి. దానికి టీకా ఉంది, పశువుల ఆసుపత్రిలో అడగండి.

చెరువులో దొరికిన అడవి బాతు పిల్లను తెచ్చి పెంచుకోవచ్చా?

వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతును పట్టడం, చంపడం, అమ్మడం నేరం. పైగా ఒంటరిగా కనిపించిన పిల్ల తల్లి చాలాసార్లు తుంగలోనే ఉంటుంది. మనం దూరం జరిగితే వచ్చి తీసుకుపోతుంది.

మీ బాతులను చూడటానికి ఎప్పుడు రావాలి?

తొమ్మిదికి. అప్పుడే తలుపు తీస్తాను. పిల్లలను తీసుకొస్తే గట్టు మీద నిలబెట్టి కళ్ళు మూసుకోమనండి. ముందు పెట్టల గొంతులు మీద పడతాయి. అవి నీళ్ళలోకి దిగి కాస్త సద్దుమణిగాక, వెనక నుంచి బొంగురు గుసగుసలు వినిపిస్తాయి. ఎన్ని గొంతులు అలా ఉన్నాయో లెక్క పెట్టమనండి. కళ్ళు తెరిచాక వంకీ ఈకలు లెక్క పెట్టి సరిచూసుకోవచ్చు. మా మందలో ఇప్పుడు పుంజులు నాలుగు.